అంగట్లో దొరకని రేడియో

మన దేశంలో పుట్టిన మొదటి పెద్ద రేడియో కంపెనీ మూడేళ్ళు కూడా నిలవలేదు. దాని పేరు ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. 1927 జులై 23న బొంబాయిలో స్టేషను తెరిచింది, మరుసటి నెలలో కలకత్తాలో ఇంకొకటి తెరిచింది. 1930 మార్చి 1న డబ్బు చాలక మూతపడింది. అప్పట్లో రేడియో పెట్టుకోవాలంటే ఏడాదికి 10 రూపాయల లైసెన్సు కట్టాలి. ఆ డబ్బులో వచ్చే భాగమే కంపెనీకి ముఖ్యమైన ఆదాయం. అయితే దేశం మొత్తం మీద లైసెన్సులు ఎనిమిది వేలు కూడా దాటలేదు. రేడియో పెట్టె ఖరీదు వందల రూపాయల్లో ఉండేది. కూలివాడికి రోజుకు అణాల్లో కూలి దొరికే కాలం అది. పెట్టె కొనేవాళ్ళు లేరు కాబట్టి లైసెన్సులు లేవు, లైసెన్సులు లేవు కాబట్టి డబ్బు లేదు, డబ్బు లేదు కాబట్టి కార్యక్రమాలు పెరగలేదు. చివరికి ప్రభుత్వమే దాన్ని తీసుకుని నడపాల్సి వచ్చింది. మన ఆకాశవాణికి మూలం అదే.

ఇంత పాత సంగతి ఇప్పుడెందుకంటే, డిజిటల్ రేడియో వస్తుంది, వస్తుంది అని ఇరవై ఏళ్ళకు పైగా వింటా ఉన్నాం. వచ్చినప్పుడల్లా జనం అడిగేది ఒకటే ప్రశ్న: ఇది వ్యాపారంగా నిలబడుతుందా? పెట్టుబడి పెట్టినవాడికి డబ్బు తిరిగి వస్తుందా? ఈ అనుమానం పట్నాల్లో కంపెనీలవాళ్ళ గొడవ, మనకేం పని అనుకోవచ్చు. ఇటు హొసూరు, అటు చింతామణి, పైన బాగేపల్లి దాకా ఉన్న మన మొరసునాడు తెలుగువాళ్ళకు మాత్రం దీనితో పని ఉంది. ఆ వ్యాపారం నిలబడడం, పడిపోవడం మీదే మన ఇంట్లో మన మాట వినపడడం ఆధారపడిన రోజులు ఉన్నాయి.

ముందు డిజిటల్ అంటే ఏమిటో చెప్పాలి. మామూలు రేడియోలో గొంతు ఎట్లా హెచ్చుతగ్గులు అవుతుందో తరంగం కూడా అట్లే మారుతుంది. డిజిటల్‌లో గొంతును ముందు అంకెలుగా మార్చి పంపుతారు. మన దగ్గరి పెట్టె ఆ అంకెలను మళ్ళీ గొంతుగా మారుస్తుంది. దీంతో గరగర ఉండదు. ఒకే స్టేషను పట్టే చోటులో మూడు నాలుగు చానళ్ళు ఇరికించొచ్చు. పాట పేరు, వార్తల ముఖ్యాంశాలు తెర మీద అక్షరాలుగా చూపించొచ్చు. ప్రసారం చేసేవాళ్ళకు కరెంటు కూడా మిగులుతుంది. మరి కష్టం ఎక్కడంటే, ఇంట్లో ఉన్న పాత రేడియో ఒక్కటి కూడా ఈ అంకెలను చదవలేదు. అందరూ కొత్త పెట్టె కొనాలి. ఇంకొక కష్టం కూడా ఉంది, దాన్ని ఎక్కువమంది చెప్పరు. పాత రేడియోలో సిగ్నల్ తగ్గితే గరగర మధ్యలోనైనా మాట అర్థమవుతుంది. డిజిటల్‌లో ఒక హద్దు వరకు అద్దంలా వినపడుతుంది, ఆ హద్దు దాటితే ఒక్కసారిగా ఆగిపోతుంది. స్టేషనుకు దూరంగా సరిహద్దులో ఉండేవాళ్ళకు ఇది చిన్న తేడా కాదు.

సరిహద్దు అన్నాను కాబట్టి మన సరిహద్దు సంగతి చూద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న భాషను బట్టి రాష్ట్రాలను మళ్ళీ విడదీశారు. ఎక్కడ గీత గీసినా ఎవరో ఒకరు అవతల మిగులుతారు. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం అప్పటి మైసూరు రాష్ట్రంలో ఉండిపోయాయి. హొసూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు పాడిన నేల ఇది. రెండు భాషలు పక్కపక్కన బతకడం ఇక్కడ కొత్త కాదు. అయినా బస్సు బోర్డు, రేషను కార్డు, కచేరీ కాగితం అన్నీ వేరే భాషలోకి పోయాక, తెలుగు ఇంటి లోపలి మాటగా మిగిలింది.

రేడియోకు మాత్రం ఈ గీత తెలియదు. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం, హైదరాబాదు, తర్వాత వచ్చిన కడప, ఇవన్నీ మీడియం వేవ్ మీద పలికేవి. మీడియం వేవ్ తరంగం పగలు నేలను అంటుకుని వంద కిలోమీటర్లకు పైగా పోతుంది. రాత్రయితే ఆకాశంలోని పై పొరలను తగిలి తిరిగి దూరాన దిగుతుంది. అందుకే చీకటి పడ్డాక దూరపు స్టేషన్లు దగ్గరికొచ్చినట్టు వినపడతాయి. మా తాత దీన్ని సైన్సుగా చెప్పడు. "రాత్రి పూట గాలి ఖాళీగా ఉంటాది, అందుకే బెజవాడ వస్తాది" అంటాడు.

వీటికి తోడు రేడియో సిలోన్. కొలంబో నుంచి షార్ట్‌వేవ్ మీద వచ్చే తెలుగు సినిమా పాటల కార్యక్రమం, అందులో మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, మన పెద్దవాళ్ళలో చాలామందికి గుర్తు. 1950లలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెడితే సిలోన్ ఆ పాటలతోనే, వాటి మధ్య ప్రకటనలతోనే డబ్బు సంపాదించింది. ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టడానికి ఆ పోటీ కూడా కారణం. ఇక్కడ గమనించాల్సింది ఉంది. సముద్రం అవతలి నుంచి తెలుగులో పలికి లాభం తీయగలిగారంటే, దానికి కారణం ఒకటే తరంగం నెల్లూరు, కర్నూలు, బాగేపల్లి, హొసూరు అన్నిటినీ కలిపి ఒకే సంతగా చేయడమే. రాష్ట్రం ఏదైనా తెలుగు వినేవాళ్ళంతా ఒక లెక్కలోకి వచ్చారు.

ఎఫ్.ఎం. వచ్చాక ఆ సంత ముక్కలైంది. ఎఫ్.ఎం. శబ్దం బాగుంటుంది కానీ దాని తరంగం ఇంచుమించు కంటికి కనిపించేంత దూరమే పోతుంది. కొండ అడ్డమొస్తే ఆగుతుంది. బెంగళూరుకూ మనకూ మధ్య నంది కొండ వరస ఉండనే ఉంది. దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషను రేడియో సిటీ 2001 జులై 3న మన పక్కనున్న బెంగళూరులోనే మొదలైంది. పట్నం స్టేషను పట్నంలో ఎక్కువమంది వినే భాషనే చూసుకుంటుంది. అందులో తప్పు పట్టడానికి లేదు, ప్రకటన ఇచ్చే అంగడివాడు కూడా పట్నంలోనే ఉంటాడు కదా.

ఆ ఎఫ్.ఎం. వ్యాపారం కూడా మొదట తడబడింది. 40 పట్టణాల్లో 108 ఫ్రీక్వెన్సీలను వేలం వేశారు. కంపెనీలు పోటీ పడి పెద్ద పెద్ద మొత్తాలు పాడాయి. లైసెన్సు రుసుము ఏటా 15 శాతం పెరిగేలా షరతు ఉంది. తర్వాత లెక్క చూసుకుంటే కుదరలేదు, చాలామంది వెనక్కి తగ్గారు. చివరికి పలికినవి ఇరవై పైచిలుకు మాత్రమే. 2005లో ప్రభుత్వం పద్ధతి మార్చి, ఆదాయంలో 4 శాతం ఇస్తే చాలు అన్నాక ఎఫ్.ఎం. ఊపందుకుంది. అంటే సాంకేతికం బాగుండి, వినేవాళ్ళు ఉండి, అందరి ఇళ్ళల్లో రెండు వందల రూపాయల ఎఫ్.ఎం. పెట్టె ఉండి కూడా, రుసుము లెక్క తప్పితే స్టేషన్లు నిలవలేదు. ఇంక పెట్టే లేని డిజిటల్ సంగతి చెప్పాలా?

ఇక్కడ ఒక పక్క కథ. అదే 2001లో కోలారు జిల్లా బూదికోటెలో, హైదర్ అలీ పుట్టిన ఊరు అది, "నమ్మ ధ్వని" అనే ఊరి రేడియో మొదలైంది. ఊరివాళ్ళకు గాలిలో ప్రసారం చేసే అనుమతి అప్పట్లో ఇచ్చేవాళ్ళు కాదు. అందుకని టీవీ కేబుల్ తీగలోనే గొంతును పంపి ఇంటింటికీ చేర్చారు. ఉన్న తీగను, ఉన్న పెట్టెను వాడుకున్నారు. పెద్ద కంపెనీలకు తట్టని ఉపాయం చిన్న ఊరికి తట్టింది అని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. మన దేశంలో నిజంగా అంగట్లో పెట్టి అమ్మిన మొదటి డిజిటల్ రేడియో వరల్డ్‌స్పేస్. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా అనే న్యాయవాది 1990లో అమెరికాలో ఈ కంపెనీ పెట్టాడు. ఆఫ్రికాలో ఎయిడ్స్ గురించి సరైన సమాచారం జనానికి చేరడం లేదు, ఉపగ్రహం నుంచి నేరుగా రేడియోకు పంపితే చేరుతుంది అన్నది అతని ఆలోచన. 1998 అక్టోబరులో ఆఫ్రికా కోసం ఆఫ్రిస్టార్, 2000 మార్చిలో ఆసియా కోసం ఆసియాస్టార్ ఉపగ్రహాలను ఎగరేశారు. భారతదేశంలో దాని ముఖ్య కార్యాలయం బెంగళూరులోనే ఉండేది. చిన్న పలకలాంటి యాంటెన్నాను కిటికీ దగ్గర పెట్టి, తూర్పు వైపు కాస్త దక్షిణానికి తిప్పితే ఉపగ్రహం అందేది. శాస్త్రీయ సంగీతానికి, పాత హిందీ పాటలకు వేరువేరు చానళ్ళు, కన్నడానికి స్పర్శ, తెలుగుకు స్పందన. ఎ.ఆర్. రెహమాన్ దానికి ప్రచారకర్త.

స్పందన గురించి ఒక్క క్షణం ఆలోచించండి. రోజంతా తెలుగు. గరగర లేదు. నంది కొండ అడ్డం రాదు, ఎందుకంటే మాట పైనుంచి దిగుతోంది. విజయవాడలో ఎట్లా వినపడుతుందో బాగేపల్లి పక్కన పల్లెలోనూ అట్లే వినపడుతుంది. రేడియో సిలోన్ తర్వాత తెలుగువాళ్ళందరినీ, రాష్ట్రం గీతలు చూడకుండా, మళ్ళీ ఒకే లెక్కలోకి తెచ్చినది ఇదే. భాషా అల్పసంఖ్యాకుల కోసం ఎవరైనా కూర్చుని ఆలోచించినా ఇంతకంటే బాగా తయారు చేయలేరేమో.

మరి మన పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో అది ఉండేది? పెద్దవాళ్ళను అడిగి చూడండి. బెంగళూరులో ఫలానా డాక్టరుగారి ఇంట్లో చూశాం, ఫలానా హోటల్లో వాయించేవాళ్ళు అంటారు, అంతే. దాని పెట్టె ప్రత్యేకం, మామూలు రేడియో కంటే ఎన్నో రెట్లు ఖరీదు. మొదట్లో ఉచితంగా వచ్చిన చానళ్ళకు తర్వాత ఏడాది చందా పెట్టారు. మామూలు రేడియోకు 1980లలోనే లైసెన్సు రుసుము ఎత్తేశారు, జనం రేడియో ఉచితం అని అలవాటు పడ్డారు. ఆ అలవాటును మళ్ళీ వెనక్కి తిప్పడం ఎవరి వల్ల అవుతుంది? పైగా కారు కదులుతుంటే ఉపగ్రహం సరిగా అందదు. భవనాల మధ్య అందాలంటే నేల మీద సహాయక ట్రాన్స్‌మిటర్లు కావాలి, అవి ఇక్కడ రాలేదు. అదే సమయంలో అమెరికాలో ఎక్స్.ఎం., సిరియస్ అనే రెండు ఉపగ్రహ రేడియో కంపెనీలు కార్ల ఫ్యాక్టరీలతో ఒప్పందం చేసుకుని పెట్టెను కారుతో పాటే అమ్మించాయి. అయినా నష్టాలు తట్టుకోలేక 2008లో రెండూ కలిసిపోయి బతికాయి.

వరల్డ్‌స్పేస్‌కు ఆ దారి లేదు. 2008 అక్టోబరులో అమెరికా కోర్టులో దివాలా కాగితం వేసింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. చందా ముందే కట్టినవాళ్ళు ఉన్నారు, పెట్టె కొత్తగా కొన్నవాళ్ళు ఉన్నారు. మరుసటి రోజునుంచి ఆ పెట్టె బల్ల మీద బరువుకు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికి రాలేదు. పాత మర్ఫీ రేడియో చెడిపోతే బాగుచేసే మెకానిక్ ఉండేవాడు. దీన్ని ఏ మెకానిక్ బాగుచేస్తాడు?

వ్యాపారంగా నిలవదు అన్నవాళ్ళ మాట నిజమైందని ఒప్పుకోవాల్సిందే. కానీ ఎందుకు నిలవలేదో చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎవరికి ఆ సేవ ఎక్కువ అవసరమో, అంటే స్టేషన్లకు దూరంగా, చెల్లాచెదురుగా, సొంత భాషలో వినడానికి వేరే దారి లేనివాళ్ళకు, వాళ్ళకే చందా కట్టే శక్తి తక్కువ. ఎవరు చందా కట్టగలరో వాళ్ళకు పట్నంలో వేరే దారులు చాలా ఉన్నాయి. నోవా సమారా ఆఫ్రికా పల్లెల కోసం మొదలుపెట్టిన పని చివరికి పట్నం మేడల్లో సంగీతం అమ్మే పనిగా మారడానికి కారణం ఈ చిక్కే.

ప్రైవేటు కంపెనీ ఓడిపోతే సర్కారు గెలుస్తుందా? ఆకాశవాణి అదే సమయంలో డిజిటల్ రేడియో మోండియల్ అనే పద్ధతిని ఎంచుకుంది. అందరూ డి.ఆర్.ఎం. అంటారు. 2009లో ఢిల్లీ దగ్గర షార్ట్‌వేవ్ మీద మొదలుపెట్టి, తర్వాత బెంగళూరు, చెన్నై, విజయవాడ వంటి చోట్లతో కలిపి దేశంలో 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డిజిటల్‌కు పనికొచ్చేలా పెట్టింది. ఇది చాలా పెద్ద పని, ఖర్చు ప్రజలది. మన లెక్కలో చూస్తే ఇది ఎఫ్.ఎం. కంటే మేలు కూడా, ఎందుకంటే మీడియం వేవ్ కాబట్టి పల్లె దాకా పోతుంది. మరి వినే పెట్టె? అక్కడే ఆగిపోయింది. చిక్కబళ్ళాపురం బజారులో డి.ఆర్.ఎం. రేడియో ఇవ్వండి అని అడిగితే అంగడివాడు మన మొహం చూస్తాడు. తయారైన కొద్ది పెట్టెలు కూడా పల్లె ఇల్లు కొనే ధరలో లేవు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పెట్టెలు లేకుండానే ప్రసారాలు మొదలయ్యాయి.

కొనేవాళ్ళు లేరని ఫ్యాక్టరీవాడు చేయడు. పెట్టె లేదని వినేవాళ్ళు రారు. వినేవాళ్ళు లేరని ప్రకటనలు రావు. 1930లో బొంబాయి కంపెనీని ముంచింది అచ్చంగా ఇదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 ఫిబ్రవరిలో డిజిటల్ రేడియో మీద సిఫార్సులు ఇచ్చింది. అప్పుడు కూడా ప్రైవేటు ఎఫ్.ఎం. కంపెనీల భయం ఇదే: పాతదీ కొత్తదీ రెండూ నడిపే ఖర్చు మాది, పెట్టెలు వచ్చేదాకా ఎవరు ఆగుతారు?

బయటి దేశాలు దీన్ని ఎట్లా దాటాయి? నార్వేలో 1995 జూన్ 1న, బ్రిటన్‌లో అదే సంవత్సరం సెప్టెంబరులో డిజిటల్ ప్రసారాలు మొదలయ్యాయి. బ్రిటన్‌లో మొదట పెట్టెలు వందల పౌండ్లు. 2002లో 99 పౌండ్లకు ఒక పెట్టె వచ్చాక జనం కొనడం మొదలుపెట్టారు. అంత ధనిక దేశంలో కూడా 2008 ఫిబ్రవరిలో జీక్యాప్ అనే పెద్ద రేడియో కంపెనీ, ఇది ఆర్థికంగా గిట్టుబాటు కాదు అని చెప్పి తన డిజిటల్ చానళ్ళను వదిలించుకోవాలని చూసింది. అప్పుడు అనుమానించినవాళ్ళే గెలిచినట్టు కనిపించింది. కానీ బి.బి.సి. వంటి ప్రజా సంస్థ వెనక్కి తగ్గలేదు, తర్వాత కొత్త కార్లలో పెట్టె తోడైంది, రేడియో నిలిచింది. నార్వే 2017లో జాతీయ ఎఫ్.ఎం. ప్రసారాలనే ఆపేసింది. అది మార్కెట్టు చేసిన పని కాదు, పార్లమెంటు తీసుకున్న నిర్ణయం. చిన్న ఊళ్ళ స్టేషన్లను మాత్రం ఎఫ్.ఎం.లో ఉండనిచ్చారు.

మన దగ్గర ఇంకో పోటీదారు వచ్చాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. ఇప్పుడు ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ, హైదరాబాదు బాగేపల్లిలో కూర్చుని వినొచ్చు. మా ఇంట్లో వింటాం కూడా. చాలామంది ఇంక డిజిటల్ రేడియో ఎందుకు అని అడిగేది దీన్ని చూసే. నేను పూర్తిగా ఒప్పుకోను. ఫోను ఒకరి చేతిలో ఉంటుంది, ఆ ఒకరు బయటికి పోతే అవ్వకు పాట లేదు. నెలనెలా రీచార్జి కావాలి. రేడియోకు ఒకసారి పెట్టె కొంటే చాలు, లక్షమంది విన్నా ప్రసారం ఖర్చు పెరగదు. ఫోనులో ఒక్కొక్కరికీ విడిగా డేటా పోతుంది. అయినా, అందరి జేబులో ఉన్నది ఫోనే. పెట్టె చిక్కును ఫోను ఒక్క దెబ్బతో దాటేసింది, ఇది ఒప్పుకోక తప్పదు.

2025 అక్టోబరులో ట్రాయ్ మళ్ళీ సిఫార్సులు ఇచ్చింది. ఈసారి ప్రైవేటు రేడియోకు 13 నగరాల్లో డిజిటల్ మొదలుపెట్టమంది. బెంగళూరు, చెన్నై, హైదరాబాదు అందులో ఉన్నాయి. ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద ఇప్పటి ఎఫ్.ఎం. ప్రసారంతో పాటు మూడు డిజిటల్ చానళ్ళు నడపొచ్చు. ఇది చదివినప్పుడు నాకు మొదట సంతోషమైంది. ఇప్పుడు బెంగళూరు స్టేషనుకు ఒకటే చానలు ఉంది కాబట్టి ఎక్కువమంది వినే భాషలే వేస్తుంది. నాలుగు చానళ్ళుంటే ఒకటి తెలుగుకు ఎందుకు ఇవ్వకూడదు? బెంగళూరులో, చుట్టుపక్కల తెలుగువాళ్ళు తక్కువా?

తర్వాత లెక్క వేసి చూశాను. చానళ్ళు నాలుగింతలైతే ప్రకటనల డబ్బు నాలుగింతలు కాదు. సబ్బు కంపెనీ దగ్గర ఉన్న అదే డబ్బు నాలుగు ముక్కలవుతుంది. అనుమానించేవాళ్ళ అసలు వాదన ఇదే, దీనికి గట్టి జవాబు నాకు ఎక్కడా కనపడలేదు. ఒక చానలు తెలుగుకు ఇస్తే లాభం వస్తుందో రాదో ఏ కంపెనీ అయినా ముందు కాగితం మీద చూస్తుంది. ఆ కాగితంలో మన పేరు రావాలంటే తెలుగు వినేవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఎవరో ఒకరు లెక్క చూపించాలి.

దూరం సంగతి వేరే ఉంది. ఆ డిజిటల్ కూడా ఎఫ్.ఎం. జాగాలోనే వస్తుంది. బెంగళూరు నుంచి బాగేపల్లి సుమారు వంద కిలోమీటర్లు, మధ్యలో కొండలు. హొసూరు దగ్గరే కాబట్టి అక్కడ వినపడొచ్చు. చిక్కబళ్ళాపురంలో కొంత అనుమానం. బాగేపల్లిలో, ముందు చెప్పిన ఆ హద్దు అవతలే.

ఒక్క సంగతి మాత్రం బ్రిటన్ దారిలోనే జరుగుతోంది. 2017 నుంచి మన దేశంలో కొన్ని హ్యుండాయ్, మారుతి కార్లలో డి.ఆర్.ఎం. రేడియో కంపెనీలోనే పెట్టి వస్తోంది. అట్లాంటి కార్లు ఇప్పుడు లక్షల్లో ఉన్నాయి. హొసూరు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మూడూ 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి కాబట్టి రోజూ మన ముందు నుంచే పోతుంటాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కొత్త కారు ఉంటే రేడియో తెర మీద డి.ఆర్.ఎం. అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి. నేను మా వీధిలో ఒక కారులో చూశాను, ఉంది. ఆ కారు ఆయనకు అది ఏమిటో తెలియదు. "పాటలు ఫోనులోనే పెడతాం కదా, దాన్నెవరు నొక్కుతారు" అన్నాడు.